డొల్ల పలకని రాయి

మా క్వార్టర్ల వరుసలో ఆడి పెరిగిన బిడ్డ, పోయిన దసరాకు ముందు ఒకనాడు పొద్దున్నే వచ్చి, దారంతో కుట్టిన కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. "పెద్దబాపూ, దీనికి ముందుమాట నువ్వే రాయాలె" అంది. విప్పి చూస్తే జలవిద్యుత్ కేంద్రాల కట్టడాల మీద, వాటి రాతి పని మీద, వాటికి చెక్కిన, చెక్కకుండా వదిలేసిన శిల్పం మీద ఆరేళ్లు తిరిగి రాసిన పుస్తకం. ఇంత పనికి యూనివర్సిటీ పెద్దలెవరైనా రాస్తే నిండుగా ఉంటుందని చెప్పాను. "వాళ్లు రాయిని చూసినోళ్లు. నువ్వు విన్నోడివి" అంది. ఆ మాట దగ్గర నాకు ఎదురు చెప్పే దారి లేకపోయింది.

ఆ వినడం సంగతే ముందు చెబుతాను. ఈ పుస్తకంలోకి నేను ఆ దారినే వెళ్లాను. 1979లో బదిలీ ఫిల్లరుగా, అంటే బొగ్గు నింపే తాత్కాలిక పనివాడిగా, సింగరేణి బొగ్గుబాయిలో దిగాను. తర్వాత పరీక్ష పాసై మైనింగ్ సర్దారునయ్యాను. శ్రీరాంపూర్ ఏరియా ఆర్కే బాయిల్లోనే నా సర్వీసు చాలా మటుకు గడిచింది. సర్దారు చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది. మనుషులు పని చోటికి రాకముందే అతను వెళ్లి ఆ కర్రతో పైబండను కొట్టి చూడాలి. కణకణమంటే మంచి బండ. డొల్ల పలికిందంటే లోపల పొర విడిచిందని అర్థం, దాని కింద ఎవరినీ నిలబడనియ్యకూడదు. ఊడటానికి సిద్ధంగా ఉన్న పెళ్లలను దూరం నుంచి గడ్డపారతో రాల్చేస్తాం. దాన్ని మేం డ్రెస్సింగ్ అంటాం. రాతి మేస్త్రీలు కూడా రాయి ముఖాలను చదును చేసి అంచులు తీయడాన్ని డ్రెస్సింగ్ అనే అంటారు. రాయి మనిషి మీద పడకుండా మేం చేసేది, రాయి మీద రాయి కదలకుండా కూర్చునేట్టు వాళ్లు చేసేది, రెంటికీ ఒకటే పేరు.

ఈ పుస్తకం రెండో అధ్యాయంలో మన శిల్పశాస్త్రాల సంగతి వస్తుంది. స్థపతి రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి వింటాడు. పెద్ద గంటలా మోగితే పురుష శిల, మూలవిరాట్టుకు పనికొస్తుంది. సన్నగా మోగితే స్త్రీ శిల, పీఠానికి. మోత లేనిది నపుంసక శిల, అది అడుగున పునాదికి పోతుంది. అక్కడితో ఆగకుండా బిడ్డ ఒక వాక్యం రాసింది: స్థపతి, ఆనకట్ట మేస్త్రీ, బొగ్గుబాయి సర్దారు ముగ్గురికీ చదువు చెప్పింది చెవే అని. నలభై ఏళ్లు ఆ చెవితో బతికిన నాకు ఆ సంగతి తోచలేదు. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లకు తోచింది. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంటాను.

ఈ పుస్తకంతో నాకు ఇంకో బంధుత్వం కూడా ఉంది. మేం రాయి కొట్టే వడ్డెరలం, పాలమూరు వాళ్లం. మా బాపు, మా అవ్వ నాగార్జునసాగర్ కట్టిన వేల మందిలో ఇద్దరు. ఆ కట్ట దగ్గరి గుడిసెల్లోనే నేను పుట్టాను. కట్ట పని సర్దుకున్నాక పని వెతుక్కుంటూ గోదావరిఖని వచ్చారు. అప్పటికి అక్కడ కొత్త బాయిలు తెరుస్తున్నారు. పైన రాయి పేర్చిన మనిషి కింద రాయి కూలకుండా చూసే పనిలోకి వచ్చాడు. బాపు సమ్మెట, శానం మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. దసరాకు పూజలో పెడతాం.

ఆధునిక ఆనకట్టలను నెహ్రూ దేవాలయాలన్నారని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఈ పుస్తకం మొదటి అధ్యాయం అక్కడే పట్టుకుంటుంది. దేవాలయమైతే మరి శిల్పం ఏది? మన దేశంలో గుడికి ద్వారపాలకులుంటారు, గడప మీద పద్మముంటుంది, అభిషేకం నీళ్లు బయటికి వచ్చే చోట కూడా రాయిని మకరముఖంగానో గోముఖంగానో చెక్కుతారు. గర్భగుడిలోంచి చెంబెడు నీళ్లు పారే దారికే అంత ముఖం పెట్టిన జాతి, నది మొత్తం పారే దారికి ఏ ముఖం పెట్టింది? కోపంతో అడిగిన ప్రశ్న కాదిది. బిడ్డ నిజంగా తెలుసుకోవాలని అడిగింది, తెలుసుకోవడానికే తిరిగింది.

నీటికీ చెక్కడానికీ మన దగ్గర ఉన్న పాత సంబంధాన్ని ఆమె బాగా పట్టుకుంది. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. పక్కనే చెరువు. ఊరు, గుడి, చెరువు మూడూ ఒకే సంకల్పంగా కట్టడం కాకతీయుల పద్ధతి. మా శ్రీరాంపూర్ నుంచి రామప్పకు వెళ్లినవాళ్లంతా నల్లరాతి మదనికలను చూసి వస్తారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ జనం ఇంకా పెరిగారు. చెరువు కట్ట మీదికి ఎక్కి తూము దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నిలువు రాతి కంబాలు, వాటిని కలుపుతూ అడ్డ బండలు పెట్టిన ఆ కాకతీయ తూముల పనితనం గురించి ఈ పుస్తకంలో పది పేజీలున్నాయి. గుడి కంబం చెక్కిన చేతికీ తూము కంబం నిలిపిన చేతికీ చుట్టరికం ఉందని ఆమె రాతి అంచులను బట్టి చూపిస్తుంది.

పోరుమామిళ్ల శాసనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కడప సీమలో 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో ఆ శాసనంలో పన్నెండు అంగాలుగా చెక్కించారు. జలశాస్త్రం తెలిసిన వాడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, దగ్గరలో నిడుపాటి, తిన్నని రాళ్లు దొరికే గని ఉండాలి, పనిలో ఆరితేరిన మనుషులు ఉండాలి. ఆ పైన, రోజుకు వెయ్యి మంది పని చేశారని, రాయి తోలడానికి వంద బండ్లు తిరిగాయని, రెండేళ్లు పట్టిందని కూడా ఆ రాతి మీదే ఉంది. ఆ వెయ్యి మంది పేర్లు లేవు, నిజమే. కానీ వాళ్లు వెయ్యి మంది అన్న లెక్కయినా రాజు రాతికి ఎక్కించాడు. ఆ తర్వాత ఆరు వందల ఏళ్లకు కట్టిన మన పెద్ద కట్టల దగ్గర శిలాఫలకాల్లో ఏముందో చదివి రమ్మని బిడ్డ పాఠకుణ్ని అడుగుతుంది. చదివినవాళ్లకు తెలుసు. శంకుస్థాపన చేసినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, తేదీ.

పుస్తకానికి గుండెకాయ నాగార్జునసాగర్ అధ్యాయం. ఆ పేజీలు చదివేటప్పుడు నాకు కళ్లు తడిశాయి. అందుకే మిగతా వాటికంటే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

కృష్ణ ఒడ్డున ఆ లోయలో మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన శిల్పం తెలుగువాళ్లు చేసిన అత్యుత్తమ రాతిపనిలో ఒకటి. అక్కడి మహాచైత్యానికి దాతల్లో పెద్దది చాంతిసిరి, రాజు చాంతమూలుడి సోదరి. స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు. పదిహేను వందల ఏళ్లకు పైగా ఆ రాళ్లు అడవిలో పడి ఉన్నాయి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి కబురు పంపాడు. శాసనాల శాఖ నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఒక బడిపంతులు ఆగి చూడకపోతే ఏమయ్యేదోనని బిడ్డ రాసింది. మన ఊళ్లలో బడిపంతుళ్లకు ఇంకా చాలా అప్పున్నాం.

అంతలో అక్కడే ఆనకట్ట కట్టాలనుకున్నారు. లోయ మునిగిపోతుంది. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో మళ్లీ పురావస్తు తవ్వకం మొదలై 1960 దాకా నడిచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అయిదేళ్ల పాటు ఒకే లోయలో రెండు రకాల పనివాళ్లు రాతి మీద పనిచేశారు. ఒక గుంపు పాత రాయిని మట్టిలోంచి జాగ్రత్తగా పైకి తీస్తోంది. ఇంకో గుంపు కొత్త రాయిని బండలోంచి పగలగొట్టి కట్ట మీద పేరుస్తోంది. ఆ రెండో గుంపులో మా బాపు ఉన్నాడు. ఇక్ష్వాకుల గుళ్లు, విహారాలు, స్నానఘట్టం రాయి రాయిగా విడదీసి నాగార్జునకొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు దీవి. కొన్నింటిని అనుపు అనే చోటికి తరలించారు, మెట్లు మెట్లుగా ఉండే పాత రంగస్థలం ఇప్పుడు అక్కడే ఉంది. దీవి మీది మ్యూజియం 1966లో తెరిచారు. మరుసటి ఏడాది ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

బాపు చెప్పేవాడు, చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు: "పాత బొమ్మలను లారీలెక్కించి తీసుకపోయేటప్పుడు మేం పని ఆపి చూసేటోళ్లం. మేస్త్రీ దండం పెట్టిండు." ఎందుకు దండం పెట్టాడని అడిగితే, "ఆ అంచు తీసినోడు మాకంటె పెద్దోడురా" అన్నాడు. చెక్కిన దేవుడికి కాకుండా చెక్కిన చేతికి పెట్టిన దండం అది. ఈ మాట బిడ్డకు చెప్పాను. పుస్తకంలో నా పేరు లేకుండా పెట్టమన్నాను. పెట్టింది.

నాగార్జునసాగర్ ప్రధాన కట్ట కాంక్రీటు కట్ట కాదు, రాతి కట్ట. ఎత్తు 124 మీటర్లకు పైమాటే, రాతి భాగం పొడవు 1450 మీటర్ల దాకా ఉంటుంది, గేట్లు 26. ఆ రోజుల్లో సిమెంటు కరువు, పెద్ద యంత్రాలు తెప్పించాలంటే విదేశీ మారకం కరువు. రాయి పక్కనే ఉంది, రాయి కొట్టే మనుషులు పాలమూరు నుంచీ పల్నాడు నుంచీ ఇంకా దూరం నుంచీ వచ్చారు. అందుకే రాయి, సిమెంటు గచ్చుతో కట్టాలని నిర్ణయించారు. పరంజాల మీది వాలుదారుల్లో ఆడా మగా బారులు తీరి నెత్తి మీద రాయి, గచ్చు మోసుకుపోతున్న ఫొటోలు మీరు చూసే ఉంటారు. ప్రపంచంలోని రాతి ఆనకట్టల్లో ఇంత పెద్దది మరొకటి లేదని మన ఇంజనీర్లు చెప్పుకుంటారు. ఆ గొప్ప యంత్రంలోంచి రాలేదు, మెడ నరాల్లోంచి వచ్చింది.

కరెంటు ఇల్లు ఆ తర్వాత వచ్చింది. మొదటి యూనిట్, 110 మెగావాట్లది, 1978లో తిరిగింది. తర్వాత ఏడు యూనిట్లు, ఒక్కొక్కటి వంద మెగావాట్ల పైచిలుకు. వాటికి వెనక్కి తిరిగే గుణం ఉంది. కరెంటు మిగిలిన వేళల్లో కింది నీటిని మళ్లీ పైకి ఎత్తిపోస్తాయి. ఈ లోపలి పని అంతా బిడ్డ చాలా తేటగా చెప్పింది. పైనుంచి దిగిన నీరు పెన్‌స్టాకు గొట్టంలో బిగిసి, టర్బైను రెక్కలను తోసి, ఇరుసు మీది జనరేటరును తిప్పి, వేగం పోగొట్టుకుని నెమ్మదిగా నదిలో కలవడం. ఇంజనీరింగ్ చదవని మా ఇంటిది కూడా చదివి అర్థమైందని చెప్పింది. మంచి శైలి అంటే అదే కదా.

ఇక్కడే నాకూ బిడ్డకూ చిన్న పేచీ వచ్చింది. ఆమె రాసింది ఏమిటంటే, ఇంత గొప్ప శిల్పం పుట్టిన లోయలో కట్టిన కట్ట మీద ఆ శిల్పం జాడ కనబడకుండా పోయిందని, దేశంలో ఎక్కడా పాత శిల్పం కొత్త కట్టడం మీద ఇంత మౌనంగా తప్పుకోలేదని. నేను ఒప్పుకోను. కట్ట దిగువ ముఖాన్ని సాయంత్రం ఎండలో చూడాలి. ఏటవాలు వెలుగులో ఒక్కో రాయి అంచు ఒక్కో నీడ వేస్తుంది. అడుగు నుంచి పై దాకా రెండు రాళ్లు ఒకేలా ఉండవు. అక్కడ చెక్కడం లేదంటే బొమ్మ లేదనే అర్థం, ఉలి తగలని రాయి ఒక్కటీ లేదు. అది పద్మం కాదు, మకరం కాదు, వేల మంది చేవ్రాలు. మేం చాలాసేపు వాదించుకున్నాం. ఆమె తన వాక్యం మార్చలేదు, నేనూ మార్చమనలేదు. నా మాట ఇక్కడ రాసుకోమని చోటిచ్చింది. చదివేవాళ్లు ఎవరి పక్షమైనా తీసుకోవచ్చు.

ఇతర దేశాల అధ్యాయాల్లో నాకు బాగా నచ్చింది నయాగరా కథ. 1895లో అక్కడ మొదలైన ఆడమ్స్ కరెంటు కేంద్రానికి ఆనాటి పేరున్న వాస్తుశిల్పులు మెకిమ్, మీడ్ అండ్ వైట్ రాతి భవనాలు గీశారు. గుళ్లకు, గ్రంథాలయాలకు పెట్టే శ్రద్ధనే యంత్రాలుండే ఇంటికీ పెట్టారు. 1961లో కేంద్రాన్ని మూసేసి, తర్వాత కూల్చేశారు. దాని రాతి ద్వారాన్ని మాత్రం పక్కనున్న గోట్ ఐలాండ్‌కు తీసుకుపోయి నిలబెట్టారు. మన దగ్గర కరెంటు కట్ట కోసం పాత శిల్పం దీవి ఎక్కింది. వాళ్ల దగ్గర కరెంటు ఇంటి శిల్పమే దీవి ఎక్కింది. ఈ రెండు దీవులను ఎదురెదురుగా పెట్టి రాసిన నాలుగు పేజీలు తెలుగు వచనంలో మంచి పేజీలు.

హూవర్ డ్యామ్ గురించి చాలామందికి తెలుసు కనుక ఎక్కువ చెప్పను. దాని రూపాన్ని గార్డన్ కాఫ్‌మన్ తీర్చాడు, రెక్కలెత్తిన ఆ కంచు మనుషులను ఆస్కార్ హాన్సెన్ చేశాడు, లోపలి నేల మీది నగిషీలకు ఆలెన్ ట్రూ అక్కడి ఆదివాసుల అల్లికల్లోంచి, కుండల మీది బొమ్మల్లోంచి గీతలు తీసుకున్నాడు. తీసుకున్న గీతలు ఎవరివో, ఆ నదీతీరం ఎవరిదో కూడా బిడ్డ అడుగుతుంది. మాచ్‌ఖండ్ గురించి రాసేటప్పుడూ అదే అడిగింది. ఆంధ్రకూ ఒడిశాకూ సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర 1955లో ఆ కేంద్రం మొదలైంది. ఆ కొండల్లోని ఆదివాసుల ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి, వాళ్ల గుడిసెల్లోకి వెలుగు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

స్కాట్లండ్ సంగతి మాకు కొత్త. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో, అక్కడ కొండప్రాంతాల జలవిద్యుత్ బోర్డు పెట్టారు. యుద్ధం అయ్యాక కట్టిన కేంద్రాలు ఆ లోయల అందం చెడగొట్టకూడదని వాస్తుశిల్పుల సలహా తీసుకుని, స్థానికంగా దొరికే రాతితో కట్టారు. ఫాస్నకైల్ కేంద్రం గోడలు బంగారు రంగు ఇసుకరాయి, వాటి మీద అక్కడి జనం పాత గాథల్లోని జంతువులను చెక్కించారు. ఊళ్లో తాతలు చెప్పిన కథల్లోని మృగం కరెంటు ఇంటి గోడ మీద కూర్చుంది. ఆ ఫొటో చూసినప్పుడు, మన సాగర్ కరెంటు ఇంటి తలుపు మీద ఒక్క నాగార్జునకొండ పద్మం ఉంటే ఎలా ఉండేదోనని నాకూ అనిపించింది. బిడ్డతో నా వాదన ఆ ఒక్క క్షణం కాస్త బలహీనపడిందని ఒప్పుకుంటున్నాను.

అదే దేశంలో క్రూఖన్ అనే కొండను తొలిచి లోపల కరెంటు కేంద్రం పెట్టారు. 1965లో ప్రారంభమైంది. ఆ గుహలో, యంత్రాల గోడ మీద, ఎలిజబెత్ ఫాల్కనర్ అనే కళాకారిణి చెక్కతో పెద్ద ఫలకం చేసింది. ఆ పనిలో ప్రాణాలు పోయినవాళ్ల జ్ఞాపకం అందులో ఉంది. ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాను. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం కూడా భూగర్భ కేంద్రమే, ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు. 2020 ఆగస్టులో అక్కడ రాత్రిపూట మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. భూమి లోపల పొగ కమ్మితే ఏమవుతుందో బాయి మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వార్త వచ్చిన నాడు మా శ్రీరాంపూర్‌లో చాలా ఇళ్లలో అన్నం సహించలేదు. శ్రీశైలం గుడి ప్రాకారం గోడ నిండా వేటగాళ్లు, ఏనుగులు, యోగులు, నర్తకులు, బతుకంతా రాతి మీద ఉంది. అంత చెక్కిన కొండ కిందనే ఈ తొమ్మిది మందికి ఒక చెక్కిన రాయి ఉండాలని బిడ్డ రాసిన పేరాకు నా సంతకం కూడా కలుపుతున్నాను.

శ్రీశైలం ఆనకట్ట నీళ్లు లేచినప్పుడు మునిగే గుళ్లను అలంపురానికి తరలించిన కథ, కూడలి సంగమేశ్వరాన్ని, పాపనాశి గుళ్లను రాళ్లకు అంకెలు వేసి విప్పి మళ్లీ కట్టిన కథ పుస్తకంలో వివరంగా ఉంది. చాళుక్యుల కాలపు రాయి మీద తెల్ల రంగు అంకె. ఆ అంకెలు వేసిన మేస్త్రీల ఓర్పు ముందు నాకు మాట రాదు.

పోచంపాడు అధ్యాయం మాత్రం పలచగా ఉంది. అది మా గోదావరి, అక్కడి 36 మెగావాట్లు కూడా మా నీళ్లే, అందుకని ఆశ పెట్టుకుని చదివాను. ఆరు పేజీల్లో అయిపోయింది. నిజాంసాగర్‌కు కూడా ఇంకా చోటివ్వాల్సింది. మంజీర మీద ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన కట్ట అది, తెలంగాణలో రాతి కట్ట అందం చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

మా బొగ్గు బెల్టులో కూర్చుని నీటి కరెంటు మీద పుస్తకం ఎందుకని కొందరు అడగవచ్చు. మా పక్కన జైపూర్‌లో సింగరేణి కట్టిన 1200 మెగావాట్ల కేంద్రం 2016 నుంచి బొగ్గు మండిస్తోంది, గోదావరి అవతల రామగుండం పొగగొట్టాలు మా డాబాల మీది నుంచి కనిపిస్తాయి. బిడ్డ సమాధానం కోలారు నుంచి తెచ్చింది. 1902లో కావేరి మీద శివసముద్రంలో కరెంటు పుట్టించి, దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి పంపింది కోలారు బంగారు గనులకే. ఆ గనుల్లో తెలుగువాళ్లు ఎందరో పనిచేశారు. మన దేశంలో నీటి కరెంటు దూరం ప్రయాణించిన తొలి దారి గని నోటి దగ్గరే ఆగింది. మా బాయిల్లో కూడా బొగ్గు తీసిన ఖాళీలను గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో దింపి నింపేవాళ్లం. నది, రాయి, గని, కరెంటు ఒకదాని చేతిలోంచి ఇంకొకటి అందుకునేవే.

బాయి మనిషి కట్టింది ఏదీ నిలవదు. బొగ్గు తీశాక కంబాలు లాగేసి పైబండను దింపేస్తాం, లేదా ఇసుకతో పూడ్చేస్తాం. నలభై ఏళ్లు పనిచేసి, ఇది నేను చేశానని మనవడికి చూపించడానికి ఒక్క గోడ లేదు నాకు. అందుకేనేమో నిలబడిన రాయిని చూస్తే కడుపు నిండుతుంది. మా బాపుకు ఆ భాగ్యం ఉంది. చివరి రోజుల్లో ఒకసారి బస్సులో సాగర్ తీసుకుపోయాను. కింది వంతెన మీద నిలబడి కట్టను అటు నుంచి ఇటు చూసి, తాను పనిచేసిన చోటు వెతుక్కున్నాడు. దొరకలేదు. దొరకనందుకు బాధపడలేదు. "ఏదైతేంది, అంతా మాదే" అన్నాడు.

పుస్తకం అచ్చు కాగితాలు రెండుసార్లు చదివాను. అచ్చుతప్పులు దిద్ది పంపాను. ఒక్కటి మాత్రం దిద్దకుండా ఇక్కడ రాస్తున్నాను, అది అచ్చుతప్పు కాదు గనక. నూట పదకొండో పేజీలో నాగార్జునసాగర్ ఫొటో కింద "కట్ట పనిలో కూలీలు" అని ఉంది. ఆ ఫొటోలో ముందు వరుసలో ఉన్న ఆమె నెత్తి మీద రాయి చూడు బిడ్డా, నాలుగు వైపులా అంచు తీసి ఉంది. రెండో ముద్రణలో ఆ మాట కొట్టేసి "రాతి పనివాళ్లు" అని వెయ్యి.

శ్రీరాంపూర్,
మంచిర్యాల జిల్లా